ఎద్దుల జాతరకు పిలిచిన అక్క

మా ఫిజీ అక్క పోయిందని నాకు చెప్పింది ఆవిడ కొడుకూ కాదు, కోడలూ కాదు. ఇక్కడ ఆక్లండ్‌లో, బోటనీ డౌన్స్‌లో మా వీధి చివర ఉండే ఒకావిడ. ఎవరు పోయినా ఆ కబురు అందరికన్నా ముందు తనే మోయాలని పట్టుదల ఉన్న మనిషి. "పొద్దున టీ పెట్టుకుంటూనే పోయారటండీ. అదృష్టవంతురాలు! ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా దాటిపోయారు" అంది ఫోన్‌లో. నేనప్పుడు పప్పులోకి పోపు వేస్తున్నాను. ఫోన్ పెట్టి వెనక్కి తిరిగేసరికి ఆవాలు మాడి, ఇల్లంతా పొగ కమ్మి, నడవాలో అలారం మొదలైంది. మా మనవరాలు తువ్వాలు తెచ్చి దాని కింద ఊపుతూ, "వాట్ హాపెండ్, అమ్మమ్మా?" అంది.

"ఏం లేదు. ఒకావిడ ఎవర్నీ ఇబ్బంది పెట్టలేదట" అన్నాను.

ఆ వారంలో అదే మాట ఇంకో పది నోళ్ళలో విన్నాను. చచ్చిపోవడంలో కూడా మనవాళ్ళు మార్కులు వేస్తారు. మంచం పడితే ఇన్ని, పడకపోతే ఇన్ని. మా అక్కకు నూటికి నూరు వేసేశారు.

ఈ పత్రిక నడిపే ఆయన అక్క గురించి నా చేత రెండు పేజీలు రాయించాలనుకున్నారు. "టీచర్‌గారూ, కాస్త పాజిటివ్‌గా ఉండేలా రాయండి" అన్నారు. నాయనా, నేను ముప్పై ఏళ్ళు ఏలూరులో సైన్సు చెప్పినదాన్ని. పాజిటివ్ ఒక్కటీ పెట్టుకుంటే టార్చిలైటు కూడా వెలగదు. కనుక ఇది చదివేవాళ్ళు ముందే తెలుసుకోండి. నేను కోపంగా ఉన్నాను. చిరునవ్వు కావాలంటే ఆవిడ ఫోటో చూసుకోండి, అందులో ఉంది.

ఆవిడ నాకు రక్తసంబంధం కాదు. మేం ఈ దేశం వచ్చిన కొత్తలో మనురేవాలో ఉండేవాళ్ళం. ఒకరోజు బస్‌స్టాప్‌లో నిలబడి, రాని బస్సును నేను తెలుగులో కడిగేస్తున్నాను. వినేవాళ్ళు ఎవరూ లేరన్న ధైర్యం. పక్క బెంచీ మీద పూలగౌను వేసుకున్న పెద్దావిడ, చూస్తే ఏ దేశమో తెలియని మనిషి, "ఆ బస్సుకి సెవులుంటే ఈపాటికి ఒచ్చేసును" అంది. అంత స్వచ్ఛమైన ఉత్తరాంధ్ర యాస! ఏ ఊరని అడిగాను. "ఫిజీ" అంది. వాళ్ళ మామ్మ విజయనగరం దగ్గర పల్లె నుంచి ఓడెక్కిందట, చెరకు తోటల్లో కూలికి. అక్క పుట్టిందీ, పెరిగిందీ, మొగుడితో కలిసి చెరకు వేసిందీ అంతా ఫిజీలోనే. కౌలు గడువు తీరిపోయి భూమి వదులుకోవాల్సి వచ్చింది, ఆ మీదట దేశంలో గొడవలు. ఇక్కడికి వచ్చిపడ్డారు. ఇండియా ఒక్కసారీ చూడలేదు. కానీ మామ్మ నోటి తెలుగును అరవయ్యేళ్ళు ఊరగాయలా జాడీలో దాచుకుంది.

నాకన్నా రెండేళ్ళు పెద్ద. మొదటి రోజే నన్ను "సెల్లీ" అంది. నలుగురు అన్నదమ్ముల మధ్య ఒక్కతే ఆడపిల్ల. అక్కచెల్లెళ్ళు లేని లోటు నాతో తీర్చుకుంది. నన్ను అడిగి కాదు.

కొడుక్కి పోర్టులో ఉద్యోగం దొరికాక వాళ్ళు టౌరంగా దాటి ఒక గంట లోపలికి వెళితే వచ్చే ఊళ్ళో స్థిరపడ్డారు. అక్క కివీ పళ్ళు ప్యాక్ చేసే షెడ్డులో పనికి కుదిరింది. మొదటి డిసెంబరులోనే ఫోన్ చేసింది.

"సెల్లీ, వొచ్చే నెల మా ఊరి జాతర. నువ్వు రావాల."

"ఆ ఊళ్ళో జాతరేమిటక్కా? అమ్మవారు ఎవరు?"

"అమ్మోరు లేదు గాని ఎడ్లున్నాయి."

అది రోడియో. ఇక్కడ జనవరి అంటే ఎండాకాలం, అప్పుడు ఊరి బయట మైదానంలో మూడు రోజులు చేస్తారు. టోపీలు పెట్టుకున్న మగవాళ్ళు ఒంటిచేత్తో తాడు పట్టుకుని ఎద్దుల మీద కూర్చుంటారు. ఎనిమిది సెకన్లు ఉంటే గొప్ప. ఎద్దు అంతకుముందే వాళ్ళను మట్టిలో పారేస్తుంది. నేను అదంతా వివరించి, "అక్కా, దీన్ని జాతర అనరు, బుద్ధి లేకపోవడం అంటారు" అన్నాను. "ఊరంతా ఒకసోట సేరి తిని తిరిగితే జాతరే. జాతరకి ఆడపడుసుని పిలవకపోతే ఆ ఇంటికి మంచిది కాదని మా మామ్మ సెప్పేది" అంది. మామ్మ చెప్పిందంటే ఇక దానిమీద అప్పీలు లేదు.

అలా ఏడేళ్ళు వెళ్ళాను. బోటనీ నుంచి మా అమ్మాయి సిటీలో బస్సెక్కిస్తే, టౌరంగాలో అక్క కొడుకు కారుతో ఉండేవాడు. నేను తిరిగొచ్చే రోజు టౌరంగా బస్‌స్టాప్‌లో, డ్రైవరు చూస్తుండగా, అక్క నాకు బొట్టు పెట్టి జాకెట్టు గుడ్డ చేతిలో పెట్టేది. ఒకసారి డ్రైవరు వాచీ చూసుకుంటే, "ఒక నిమిషం ఆగు బాబూ, ఆడపడుసు ఎల్తంది" అని తెలుగులోనే చెప్పింది. ఆ తెల్లాయన ఆగాడు. ఆవిడ అడిగితే ఎవరైనా ఆగుతారు.

మైదానంలో మా స్థలం ఇనప కంచె పక్కన. ఒకే ఒక మడత కుర్చీ తెచ్చేది, నాకు. తను నిలబడేది. గులాబీరంగు కౌబాయ్ టోపీ ఒకటి ముడి మీద నిలవక జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని, "ఒకటి, రెండు, మూడు" అని సెకన్లు లెక్కపెట్టేది. మనిషి కిందపడితే జనమంతా "ఓ" అని నిట్టూర్చేవాళ్ళు. ఆవిడ ఒక్కతే "గెలిసింది" అనేది. ఎద్దు గెలిచిందని. దూడల్ని తాడేసి పడగొట్టే పోటీ వస్తే మాత్రం మైదానానికి వీపు పెట్టి నిలబడి, అయ్యేదాకా నాతో వంకాయల గురించి మాట్లాడేది.

ఒక ఏడు, మధ్యాహ్నం రొట్టెలు తింటూ ఫిజీలో తమ ఎద్దుల జత గురించి చెప్పింది. వాళ్ళు చేసే రోటీ ఒక దుప్పటంత ఉంటుంది, లోపల బంగాళాదుంప కూర పెట్టి పార్సెల్‌లా చుడతారు. అది నమలుతూ అంది: "ఎద్దు నొప్పి సెప్పదు సెల్లీ. బరువు లాగలేకపోతే దారి మధ్యలో ఆగుద్ది. ఆగి, అదేదో సూస్తున్నట్టు అటుకేసి సూస్తాది. తెలీనోడు కర్రతో పొడుస్తాడు. మా అయ్య ఎంటనే కాడి ఇప్పేసీవోడు."

ఎంత బాగా చెప్పావక్కా అన్నాను. ఇంటికొచ్చి డైరీలో రాసుకున్నాను కూడా. చదువుకున్న దాన్ని కదా, మంచి మాట కనిపిస్తే రాసుకుంటాను. రాసుకున్నాక ఇక దానితో పని ఉండదు.

ఈ జనవరిలో చివరిసారి వెళ్ళాను.

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి అక్క గదిలోంచి మంచి గౌను వేసుకుని, తల నున్నగా దువ్వుకుని వచ్చింది. చేతిలో సంచీ, సంచీలోంచి వేడి రొట్టెల వాసన. కొడుకు బయట కారు స్టార్ట్ చేశాడు. "సెల్లీ, నానిలా ఎల్లొస్తాను" అంది.

నాలుక చివరిదాకా వచ్చింది, ఎక్కడికక్కా అని. మింగేశాను.

మీకు చెప్పక్కర్లేదు. బయల్దేరే మనిషిని ఎక్కడికని అడగకూడదు, అడిగితే వెళ్ళే పని చెడుతుంది. గ్రహణం రోజు పిల్లల చేత క్లాసులో బిస్కెట్లు తినిపించిన దాన్ని నేను. పిల్లి ఎదురొస్తే దానికీ ఏదో పని ఉందని అర్థం, అంతకుమించి ఏమీ లేదని ముప్పై బ్యాచ్‌లకు చెప్పాను. తుమ్మినా ఆగను, మంగళవారం అన్నా వినను. కానీ ఈ ఒక్కటీ మా అమ్మ చిన్నప్పుడే నెత్తిన మొట్టి నేర్పింది. అది మాత్రం ఫిజిక్సుకు లొంగలేదు. "వెళ్ళి రా అక్కా" అని పేపరు తిరగేశాను.

వచ్చాక అడగొచ్చుగా అంటారు. అడగొచ్చు. రెండు గంటలకు తిరిగొచ్చింది, చేతిలో ఐస్‌క్రీమ్ డబ్బా. "కరిగిపోతంది, గిన్నెలు తే" అంది. గిన్నెలు తెచ్చాను. ప్రశ్న కూడా ఐస్‌క్రీమ్‌తో పాటే కరిగిపోయింది.

మర్నాడు మైదానానికి వెళ్ళాం. కార్లు దిగువన గడ్డిలో ఆపించి, అక్కణ్ణుంచి చిన్న ఎగువ దారిలో నడిపిస్తారు. కొడుకు కుర్చీ పట్టుకుని ముందు వెళ్ళిపోయాడు. మేమిద్దరం వెనక. పది అడుగులు వేశాక అక్క ఆగింది. "సెల్లీ, ఆ తెల్ల గుర్రం సూడు." చూశాను. ఇంకొంచెం దూరం వెళ్ళాక మళ్ళీ ఆగింది. "ఆ ఉత్తరాల డబ్బా సూడు, ట్రాక్టర్‌లాగ సేసినారు." చూశాను. మూడోసారి ఆగి, "ఆ కొండ సూడు" అంది.

"కొండకేముంది చూడ్డానికి? ఏడేళ్ళుగా అక్కడే ఉంది."

"ఉందో లేదో సూడాల గదా."

"నువ్విలా ప్రతి గుర్రానికీ గుట్టకీ ఆగుతుంటే, మనం వెళ్ళేసరికి ఎద్దులు ఇళ్ళకు పోయి గడ్డి తింటుంటాయి. నడువు తల్లీ!"

నవ్వింది. శబ్దం లేకుండా నవ్వింది. ఎంత వేళాకోళమాడినా పడీపడీ నవ్వే మనిషి, ఆ రోజు పెదాలతో ఊరుకుంది. నేను ఇంకో రెండు అన్నాను, పైగా.

మంగళవారం బొట్టు పెట్టి, ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ ఇచ్చి బస్సెక్కించింది. ఆ తర్వాత మూడు వారాలకు మా పోపు మాడింది.

అంత్యక్రియలకు వెళ్ళాను. అన్నీ అయ్యాక జనం వాళ్ళింటికి వచ్చి టీ తాగుతున్నారు. ఒక అమ్మాయి, మా అమ్మాయి వయసుంటుంది, నా దగ్గరికి వచ్చి ఇంగ్లీషులో అడిగింది: "ఆక్లండ్ నుంచి వచ్చే చెల్లెలు మీరేనా?" ఔనన్నాను. తను ఆసుపత్రిలో నర్సునని చెప్పి నా చెయ్యి పట్టుకుంది. నాకంతా తెలుసనుకుంది పాపం. తెలిసిన దానికి ఓదారుస్తున్నట్టు చెప్పుకుపోయింది.

అక్క గుండెలో ఒక కవాటం మూసుకుపోతోంది. పోయిన జూన్ చలికాలం నుంచీ ఆపరేషన్ కోసం వరసలో ఉంది. ఎవరికో కుదరక, ఉన్నట్టుండి ఒక చోటు ఖాళీ అయింది. ఆదివారం సాయంత్రం చేరాలి, సోమవారం ఆపరేషన్. ఆ కబురు అందిన మర్నాడు, శుక్రవారం పొద్దున, అక్క మంచి గౌను వేసుకుని వెళ్ళి కుదరదని చెప్పింది. ఫోన్ చేస్తే సరిపోయే పనికి మనిషే వెళ్ళింది. వద్దన్న మాట ఫోన్‌లో చెప్పడం మర్యాద కాదట. మర్యాదకి తోడు రొట్టెలు.

"ఇంట్లో చెల్లెలు ఉంది, పండక్కి పిలిచాను, ఇప్పుడెలా వస్తాను అంది. మీ చెల్లెల్నీ తీసుకురండి అన్నాను. పిలిచిన మనిషిని ఆసుపత్రిలో కూర్చోబెడతామా అంది. వద్దని చాలా చెప్పాను. మళ్ళీ మార్చిలో చూద్దామంది. రొట్టెలు ఎంత బాగున్నాయో" అని ఆ అమ్మాయి ఏడ్చింది.

నేను ఏడవలేదు. టీ కప్పు సింకులో పెట్టి, వెనక వసారాలో కూర్చున్నాను. లోపల ఎవరో పెద్దాయన, "మహాతల్లి, ఎవర్నీ ఇబ్బంది పెట్టలేదు" అంటున్నాడు. నాకు లేచి వెళ్ళి ఆయన చేతిలో కప్పు లాక్కోవాలనిపించింది. ఎవర్నీ ఇబ్బంది పెట్టకపోవడం ఒక గుణమా? నన్ను ఇబ్బంది పెట్టాల్సింది! అందుకే కదా చెల్లెల్ని చేసుకుంది! ఆసుపత్రి వరండాలో ప్లాస్టిక్ కుర్చీ మీద నాలుగు రాత్రులు పడుకునేదాన్ని. అక్కడి సూప్ బాగోలేదని వంటవాళ్ళతో తగాదా పెట్టుకునేదాన్ని. నాకు చేతనైన పనే అది. ఆ ఒక్క పనీ నాకు ఇవ్వకుండా, ఐస్‌క్రీమ్ ఇచ్చింది.

ఆవిడ కొడుకు వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. "పిన్నీ, అమ్మ మీకేటైనా సెప్పిందా? డేట్ ఇంకా రాలేదనే అనేది నాతోటి" అన్నాడు.

చెప్పాలా, మానాలా? మానితే వాడు ఆసుపత్రివాళ్ళను తిట్టుకుంటూ బతికేస్తాడు. చెబితే తన్ను తాను తిట్టుకుంటాడు, లేదా నన్ను. అరనిమిషం ఆలోచించాను. నిజం నోట్లో పెట్టుకుని మర్యాదగా ఊరుకోవడం ఎలా ముగుస్తుందో అప్పుడే కదా చూసొచ్చాను. చెప్పేశాను.

"ఆసుపత్రి కాడ దింపింది నానే. మందులకనీసి అంది. ఇంకేటీ అడగలేదు" అన్నాడు. లేవబోయి మళ్ళీ కూర్చుని, "ఎడ్ల కోసం ఆగిపోయిందా? అమ్మకి ఆ ఆట పడదు పిన్నీ" అన్నాడు.

"పడకపోవడమేంటి? ఏటేటా పిలిచేది!"

"మీరు ఒస్తారనే. ఆ మూడు రోజులూ గాకుండా అమ్మ ఆ గ్రౌండుకేసి ఒక్కనాడూ ఎల్లలేదు. ఎడ్లని అలాగ కట్టడం సూడలేదు. మొదటేడు మీరు ఎంత బాగుందో అన్నారంట. సెల్లికి ఇష్టం, ఏం సేత్తాం అనీది."

మొదటి ఏడాది అన్నాను, నిజమే. నా నోరు ఎలాంటిదో ఈ పత్రిక చదివేవాళ్ళలో సగం మందికి తెలుసు. పెళ్ళి భోజనం బాగోలేకపోతే పెళ్ళివారికే చెబుతాను. జీవితంలో మర్యాద కోసం నేను ఆడిన అబద్ధాలు ఒక చేతి వేళ్ళకు సరిపోతాయి. అందులో ఒకటి ఆ రోజు, ఆ దుమ్ములో, చెవులు పగిలే మైకు కింద, నాకోసం కుర్చీ తెచ్చి నిలబడ్డ మనిషి ముఖం చూసి ఆడాను. "ఎంత బాగుందక్కా!" నాకా ఎద్దుల గోల ఏనాడూ నచ్చలేదు. ఆవిడ సంతోషం కోసం నేను వెళ్ళాను, నా సంతోషం కోసం ఆవిడ పిలిచింది. ఇద్దరం ఏడేళ్ళు ఇష్టం లేని చోట నిలబడి, ఒకరికోసం ఒకరు చప్పట్లు కొట్టాం. దానికోసం ఆవిడ సోమవారాన్ని వదులుకుంది.

ఆ ఓడెక్కిన మామ్మ మీద కూడా కోపంగా ఉంది నాకు. ఆడపడుచును పిలవమని చెప్పిన మనిషి, అవసరమైతే వెనక్కి పంపమని కూడా చెప్పి ఉండాల్సింది. సగం పాఠం చెప్పి పోయింది. మా అమ్మ కూడా అంతే.

అందరూ ఆవిడకు కృతజ్ఞతలు చెప్పారు. నేనూ చెబుతాను. అరవయ్యేళ్ళు దాటాక, పరాయి దేశంలో, నాకొక పుట్టిల్లు ఇచ్చింది. బొట్టు పెట్టి సాగనంపింది. చెప్పాను కదా, ఇక కోపం నాకు వదిలేయండి.

ఇప్పుడు మా ఇంట్లో ఎవరు గడప దాటుతున్నా నేను అడుగుతున్నాను. "ఎక్కడికి?" మా అమ్మాయి మొదటిసారి చెప్పులు విడిచి వెనక్కి వచ్చి మంచినీళ్ళు తాగి వెళ్ళింది. "ఏంటమ్మా, నువ్వే ఇలా అడిగితే ఎలా?" అని. మా అల్లుడికి ఆ రోజు ఇంటర్వ్యూ ఉంది, ఉద్యోగం రాలేదు. అది నా వల్లే అని మొహం మీద రాసుకుని తిరుగుతున్నాడు. తిరగనీ. మనవరాలు మాత్రం తడుముకోకుండా, "డైరీ షాపుకి అమ్మమ్మా, పాలు తేవడానికి" అని చెప్పి, "వై?" అంటుంది. పాల కోసమే వెళ్తున్నావని రూఢి చేసుకోవడానికి, అంటాను.

ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ ఇంకా కుట్టించలేదు. అది బయటికి తీసినప్పుడల్లా ఆ ఎగువ దారి కనిపిస్తుంది. గులాబీరంగు టోపీ కొంచెం పక్కకు జారి ఉంది. ఒక చెయ్యి కంచె గుంజ మీద, వేళ్ళు బిగుసుకుని. ఇంకో చెయ్యి చాచి దూరంగా చూపిస్తోంది. "ఆ కొండ సూడు సెల్లీ."

ఆవిడ చూపించిన వైపే చూశాను. కొండ అక్కడే ఉంది.